గోదావరి ఒడ్డు నుంచి రాజన్న గుడి దాకా: ఒంటరి సైకిల్ ప్రయాణికుల వినతిపత్రం

గౌరవనీయులైన జగిత్యాల జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు,

ఇబ్రహీంపట్నం మండలానికి చెందిన సైకిల్ ప్రయాణికులం సమర్పించుకునే వినతిపత్రం.

ప్రతులు: రాజన్న సిరిసిల్ల జిల్లా కలెక్టర్ గారికి; రోడ్లు భవనాలు, పంచాయతీరాజ్, నీటిపారుదల, అటవీ, పోలీసు శాఖల జిల్లా అధికారులకు; మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, వేములవాడ, సిరిసిల్ల ఆర్టీసీ డిపో మేనేజర్లకు.

విషయం: ఇబ్రహీంపట్నం, కోరుట్ల, వేములవాడ, సిరిసిల్ల, కొండగట్టు, జగిత్యాల, ధర్మపురి దారుల్లో ఒంటరిగా సైకిల్ మీద ప్రయాణించేవారికి భద్రత, బస, తాగునీరు, సమాచారం కల్పించడం గురించి.

అయ్యా/అమ్మా,

చలికాలం మొదలైతే 44వ నంబర్ జాతీయ రహదారి మీద ఆర్మూర్ దగ్గర సైకిళ్లకు రెండు పక్కలా సంచులు కట్టుకుని పోయే యువతీ యువకులు కనబడతారు. కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా 3,700 కిలోమీటర్ల పైచిలుకు దారిని ఒక్కరే తొక్కేవాళ్లు వాళ్లలో ఉంటారు. నిర్మల్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఆర్మూర్‌లో ఎడమకు మళ్లితే 63వ నంబర్ రహదారి మీద మెట్‌పల్లి, అక్కడి నుంచి మా ఇబ్రహీంపట్నం. అలా మళ్లేవాళ్లు అరుదు. ఇక్కడ రాత్రి ఎక్కడ పడుకోవచ్చో, ఏ ఊళ్లో నీళ్లు నింపుకోవచ్చో, ఏ దారి ఏ నెలలో తొక్కడానికి పనికొస్తుందో చెప్పే కాగితం ముక్క ఒక్కటీ వాళ్ల చేతికి అందదు. ఇక్కడే పుట్టి పెరిగిన మాకూ అందదు. మేం అడిగేది ఆ కాగితం, అందులో రాసినవి నిజంగా ఉండేలా చూసే బాధ్యత.

చూడదగ్గవాటికి ఇక్కడ కొదవ లేదు. ఎర్దండి, వేములకుర్తి దగ్గర గోదావరి ఒడ్డు, మూలరాంపూర్‌కూ అవతలి పొన్కల్‌కూ మధ్య సదర్మాట్ బ్యారేజీ, నది దాటితే కవ్వాల్ అడవి, దిగువన ధర్మపురి నరసింహస్వామి, జగిత్యాలలో నక్షత్రం ఆకారపు కోట, కొండగట్టు అంజన్న, వేములవాడ రాజన్న, సిరిసిల్లలో పొద్దంతా ఆడే మరమగ్గాలు. ఒక మనిషి, ఒక సైకిల్, నాలుగైదు రోజుల తీరిక ఉంటే ఇవన్నీ చుట్టి రావచ్చు.

మా బాధ తెలియాలంటే ఒంటరి ప్రయాణికుడు దారిని ఎలా లెక్కేసుకుంటాడో ముందు మనవి చేయాలి. బరువు కట్టిన సైకిల్ గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు పోతుంది. గాలి ఎదురైతే అదీ ఉండదు. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే జిల్లా మనది. తెల్లవారుజామున బయలుదేరి పది గంటలకల్లా నీడ చేరాలి, మళ్లీ పొద్దు వాలాకే కదలాలి. గుంపుగా పోయేవాళ్లలో ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర దొరుకుతుంది. ఒంటరివాడికి సీసాలో నీళ్లు అయిపోతే అయిపోయినట్టే, ట్యూబు చిరిగితే తొక్కడం ఆగినట్టే. అందుకే బయలుదేరకముందే ప్రతి మజిలీ గురించీ అతనికి ఖచ్చితమైన కబురు కావాలి.

మన వాళ్లకు ఇది కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో చెన్నపట్నం నుంచి కాశీయాత్రకు బయలుదేరి హైదరాబాద్ దాటి, గోదావరి దాటి, నిర్మల్ మీదుగా నాగపూర్ వైపు వెళ్లారు. దారి పొడుగునా ఏ ఊళ్లో ఏం దొరుకుతుందో, దిగడానికి వసతి ఎలా ఉందో, బాట ఎలాంటిదో రాసిపెట్టుకున్నారు. వెంట బోయీలూ పరివారమూ ఉన్న మనిషికే ఆ వివరాలు అంత అవసరమయ్యాయి. మాకు ఎదురుగా కనిపించే అవతలి ఒడ్డు గురించి దాదాపు 200 ఏళ్ల కిందట ఒక తెలుగు యాత్రికుడు చేసిన పనిని, ఈవలి ఒడ్డున ఇవాళ జిల్లా యంత్రాంగం చేయాలని కోరుతున్నాం.

అన్నిటికంటే ముందు రోడ్డు మీద వడ్ల సంగతి. యాసంగి కోతలప్పుడు, మళ్లీ వానాకాలం కోతలప్పుడు మా మండలం రోడ్లు సగం దాకా కల్లాలైపోతాయి. రైతును మేం తప్పుపట్టడం లేదు, మా ఇళ్లల్లోనూ రైతులే. తేమ 17 శాతానికి దిగితే తప్ప కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు, ఆరబోయడానికి ఇంకో జాగా లేదు. కానీ రాత్రి ఆ రోడ్డు మీద సైకిల్‌వాడి గతి చూడండి. వడ్ల మీద నల్ల పరదా కప్పుతారు, గాలికి లేవకుండా అంచుల వెంట తలకాయంత బండలు పెడతారు. తారు నలుపు, పరదా నలుపు. మూడు వేళ్ల వెడల్పు టైరు ఆ బండకు తగిలితే వెనక ఉన్న 15 కిలోల బరువు మనిషిని ముందుకు విసిరేస్తుంది. వడ్లు ఎత్తుకుపోయాక కూడా బండలు అక్కడే ఉంటాయి, వాటిని తీసే బాధ్యత ఎవరికీ లేదు. పసుపు ఉడికించి ఆరబెట్టే రోజుల్లోనూ ఇదే తంతు. కాబట్టి కొనుగోలు కేంద్రం ఉన్న ప్రతి ఊళ్లో సిమెంటు కల్లాలు కట్టించండి. అవి వచ్చేదాకా రోడ్డుకు ఒకే పక్కన ఆరబోసేలా, బండలకు బదులు ఇసుక సంచులు పెట్టేలా, సంచులకు మెరిసే పట్టీ అంటించేలా పంచాయతీల ద్వారా ఏర్పాటు చేయండి. కోతలు అయిపోయిన వారంలో బండలు ఏరించండి. ఖర్చు తక్కువ, కాపాడేది ప్రాణం.

రెండో సంగతి రోడ్డు అంచు. రెండు వరుసల రహదారికి ఇరువైపులా మీటరున్నర చొప్పున తారు అంచు వేసే పద్ధతి మన దేశంలో ఉంది. ఆ మీటరున్నరే సైకిల్‌వాడి దారి. కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ పోయే దారిలో, జగిత్యాల, కొండగట్టు దారిలో అది ఎక్కడెక్కడ ఉందో, ఎక్కడ మట్టిలో కలిసిపోయిందో సర్వే చేయించి, లేనిచోట వేయించండి. ఊళ్ల ముందు ఎవరికి తోచినట్టు వాళ్లు పోసిన స్పీడ్ బ్రేకర్లను తీయించి, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో కట్టించి, తెల్ల చారలు గీయించండి. కొండగట్టు ఘాట్ రోడ్డు మీద 2018 సెప్టెంబరు 11న జరిగిన బస్సు ప్రమాదంలో 60 మందికి పైగా పోయారు. ఆ దుఃఖం చూసిన జిల్లాలో ఏ దిగుడు దారి మొదట్లోనైనా వాలు ఎంతో, మలుపులు ఎన్నో చెప్పే బోర్డు లేకుండా ఉండకూడదు.

ఈ తారు అంచు, బోర్డులు దూరం నుంచి వచ్చే యాత్రికుడికే అని అనుకోవద్దని మా ప్రార్థన. ఆ రోడ్ల మీద తెల్లవారకముందే పేపర్ వేసే పిల్లవాడు పోతాడు, పాల క్యాన్లు కట్టుకుని ముసలాయన పోతాడు, మోకు ముస్తాదుతో గీత కార్మికుడు పోతాడు, హైస్కూలుకు ఆడపిల్లలు పోతారు. యాత్రికుడి కోసం వేసిన అంచు మీద ఏడాదంతా తిరిగేది వీళ్లే.

సైకిల్‌వాడి రాకపోకలను చట్టం కూడా పట్టించుకుంది. మోటారు లేని వాహనాలు, పాదచారుల రాకపోకలపై నియమాలు చేసే అధికారాన్ని 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 138 (1ఎ) సెక్షన్ రాష్ట్రాలకు ఇచ్చింది. ఆరు నెలల్లో ఆ నియమాలు చేయాలని 2025 అక్టోబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. మన జిల్లా అవసరాలను రాష్ట్ర ప్రభుత్వానికి నివేదించే పని తమ కార్యాలయం చేపట్టాలి. గుర్తు తెలియని వాహనం ఢీకొని మనిషి చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయాలైతే 50 వేలు పరిహారం ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. సైకిల్ తొక్కేవాళ్ల కుటుంబాల్లో దాని పేరు విన్నవాళ్లే తక్కువ. ప్రతి పోలీస్ స్టేషన్ గోడ మీద దాన్ని తెలుగులో రాయించండి.

ఇక బస. రైతు వేదికలు ఊళ్లల్లో ఉన్నాయి, రాత్రిళ్లు చాలావరకు ఖాళీగా ఉంటాయి. గుర్తింపు కార్డు చూపి, పంచాయతీ పుస్తకంలో పేరు రాసి, నామమాత్రపు రుసుము కట్టిన ప్రయాణికుడికి ఒక రాత్రి పడుకోవడానికి చోటు, మరుగుదొడ్డి, ఫోన్ చార్జింగ్‌కు ప్లగ్ పాయింట్, మిషన్ భగీరథ నీళ్లు ఇస్తే చాలు. మంచం అడగడం లేదు. ఒక ఊళ్లో చీకటి పడ్డాక ఆగిన మాలో ఒకరికి పంచాయతీ ఆవరణలో గుడారం వేసుకోవడానికి కూడా ఒప్పుకోలేదు. అక్కడివాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఒప్పుకోవచ్చని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. తమ సంతకంతో ఒక్క సర్క్యులర్ వస్తే ఆ జంకు పోతుంది.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. మాలో ఒక అమ్మాయి వేములవాడ దాకా ఒక్కతే పోతానని ముందుగా చెప్పడానికి పోలీస్ స్టేషన్‌కు వెళ్తే, "ఒక్కదానివే ఎందుకమ్మా, ఇంటికి పో" అని పంపించారు. రక్షణ కోసం వెళ్లిన మనిషికి దొరికింది మందలింపు. ఒంటరిగా పోయే మహిళ తన దారి, మజిలీలు రాసి ఇస్తే తీసుకుని, ఆ దారిలోని స్టేషన్లకు కబురు చేసి, రాత్రి చేరిందో లేదో ఒక్క ఫోన్‌తో కనుక్కునే ఏర్పాటు కావాలి. షీ టీమ్స్ ఉన్న రాష్ట్రంలో ఇది గొంతెమ్మ కోరిక కాదు.

నది సంగతి ఇంకా తొందర పడవలసింది. ఎగువన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు గేట్లు ఎత్తితే మా ఒడ్డున నీరు పెరుగుతుంది. ఊరివాళ్లకు దండోరా వినబడుతుంది, ఇసుక మీద గుడారం వేసుకుని నిద్రపోయే పరాయి ఊరివాడికి వినబడదు. నదికి దిగే ప్రతి బాట దగ్గర బోర్డు, సైరన్ పెట్టించండి, రాత్రి ఎక్కడ ఉండకూడదో గీత గీసి చూపించండి. కాకతీయ కాలువ గట్టు దారి సైకిల్‌కు హాయిగా ఉంటుంది, లారీలు ఉండవు. అయితే లైనింగు నున్నగా ఉండే కాలువలో పడ్డవాడు పైకి రాలేడు. ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా గట్టు మీద పోవచ్చో నీటిపారుదల శాఖ ప్రకటించాలి. కవ్వాల్ 2012 నుంచి పులుల అభయారణ్యం. అక్కడ సైకిల్ ఎక్కడ ఆగాలో, అనుమతి ఎవరి దగ్గర తీసుకోవాలో అటవీ శాఖ తెలుగులో రాసి ఇస్తే, తెలియక లోపలికి పోయేవాళ్లు ఉండరు.

సైకిల్ విరిగినా, ఒంట్లో బాగాలేకపోయినా ఆర్టీసీ బస్సే దిక్కు. ఒకప్పుడు ఎర్ర బస్సు టాప్ మీద సైకిళ్లు, కోళ్ల గంపలు, మూటలు అన్నీ ఎక్కేవి. ఇప్పుడు టాప్ ఎక్కే నిచ్చెనలు లేవు, సైకిల్ ఎక్కించాలా వద్దా అన్నది కండక్టర్ దయ. పల్లెవెలుగు బస్సుల్లో సైకిల్‌కు ఇంత లగేజీ టికెట్ అని నిర్ణయించి డిపోల్లో అంటించండి.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ సోలార్ పలకల కప్పుతో 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. మాకు కప్పు అక్కర్లేదు. మా దారుల మ్యాపు, నీటి కుళాయిలు, బస దొరికే ఊళ్లు, పంచర్ వేసే దుకాణాలు, దవాఖానలు, ఫోన్ నంబర్లు, ఏ నెలలో ఏ దారి మంచిదన్న సూచన, అన్నీ ఒకే కాగితం మీద అచ్చువేసి బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో పెట్టండి. సమాచారం సేకరించి రాసి ఇచ్చే పని మేమే చేస్తాం. ఊరూరా తిరగడానికి మాకు సైకిళ్లున్నాయి.

కాబట్టి తమరు దయతో ఈ వినతిని సంబంధిత శాఖలకు పంపి, రెండు జిల్లాల అధికారులతో ఒక సమావేశం ఏర్పాటు చేసి, మా ప్రతినిధులను పిలవాలని కోరుతున్నాం. రోడ్ల మీద బండల సంగతి మాత్రం సమావేశం దాకా ఆగకుండా, వచ్చే కోతలు మొదలయ్యేలోపు ఉత్తర్వులు ఇప్పించాలని వేడుకుంటున్నాం.

ఇట్లు
ఇబ్రహీంపట్నం మండల సైకిల్ ప్రయాణికులు