వచ్చిందెవరో రాసిపెట్టారా?

2024 డిసెంబరులో ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరుసగా మూడు రోజులు భూమి కంపించింది. ఒక్కోసారి కొన్ని క్షణాలే. జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తేసరికే అంతా సద్దుమణిగింది. అయినా ఎన్ని గంటలకు వచ్చింది, తీవ్రత ఎంత అన్న వివరాలు తెలిశాయి. ఎలాగంటారా? భూకంపాల్ని నమోదు చేసే యంత్రాలు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి మరి! భూమి కదిలాక వాటికి స్విచ్చి వేస్తే ఏం లాభం?

కంప్యూటర్లకీ అదే సూత్రం. ఆఫీసులో, బళ్లో, ఆసుపత్రిలో కంప్యూటర్లన్నింటికీ, బయటి ఇంటర్నెట్‌కీ మధ్య ఫైర్‌వాల్ అనే కాపలాదారు ఉంటుంది. ఎవర్ని రానివ్వాలో, ఎవర్ని ఆపాలో చూసుకోవడం దాని పని. లోపలి కంప్యూటర్ బయటి కంప్యూటర్‌తో మాట కలిపినప్పటి నుంచి ముగించేదాకా ఒక సెషన్. ఆ సెషన్ వివరాల్ని రాసిపెట్టేదే లాగ్. అపార్టుమెంటు గేటు దగ్గర రిజిస్టరు లాంటిదన్నమాట. ఎవరు వచ్చారు, ఏ ఫ్లాటుకు వెళ్లారు, ఎప్పుడు వెళ్లిపోయారు... అంతే. వాచ్‌మన్ సంచి విప్పి చూడనట్టే, ఈ లాగ్ కూడా మీ ఉత్తరాల్లో ఏముందో రాయదు.

ఈ రిజిస్టరు విలువ తెలియాలంటే హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు ఉదంతం చూడాలి. 2022 జనవరిలో దొంగలు ఆ బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడి 12 కోట్ల రూపాయలకు పైగా సొమ్మును వేరే ఖాతాలకు మళ్లించేశారు. పోలీసులు ఆరా తీస్తే అసలు కథ అంతకు ముందే, 2021 నవంబరులోనే మొదలైందని తేలింది. ఉద్యోగులకు వచ్చిన మోసపు మెయిళ్లే దొంగలకు తలుపు తీశాయి. సైబర్ భద్రత నియమాలు సరిగా పాటించలేదంటూ 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది.

ఇక్కడ గమనించాల్సింది ఆ రెండు నెలల ఎడం. దొంగ వచ్చిన రోజు వేరు, దోచుకున్న రోజు వేరు. ఏ ఆఫీసులోనైనా లాగ్‌ను నెలరోజులే దాచి, పాతది చెరిపేస్తూ ఉంటే ఏమవుతుంది? దొంగతనం బయటపడేసరికి అతను ఏ తలుపులోంచి వచ్చాడో చెప్పే పేజీ ఎప్పుడో చిరిగిపోయి ఉంటుంది. ఆ తలుపు మూయకపోతే మళ్లీ వస్తాడు.

అందుకే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న గట్టి ఆదేశాలిచ్చింది. కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయాలు తమ లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి. సైబర్ దాడి జరిగినట్టు తెలిస్తే 6 గంటల్లోగా తమకు చెప్పాలంది.

మరి లాగ్ పెట్టుకోవడం ఎలా? చాలా ఫైర్‌వాల్‌లలో ఒక్కో రూల్ దగ్గర రెండు గడులుంటాయి. సెషన్ మొదలైనప్పుడు రాయాలా, ముగిసినప్పుడు రాయాలా అని. ముగిసినప్పుడు రాయడమే మామూలుగా మంచిది. ఎంతసేపు సాగింది, ఎంత సమాచారం బయటికి పోయింది అన్న లెక్క అప్పుడే తేలుతుంది. రోజుల తరబడి తెగకుండా నడిచే సెషన్లుంటే మాత్రం మొదలు కూడా రాయించాలి. ముగిసేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది కదా!

ఇంకో సంగతి. లోపలికి రాబోయి ఆగిపోయిన వాళ్ల పేర్లు కొన్ని ఫైర్‌వాల్‌లు తమంతట తాము రాయవు. అన్నిటికన్నా కింద ఉండే 'మిగతా అందర్నీ ఆపు' అన్న రూల్‌కీ లాగ్ పెట్టమని మనమే చెప్పాలి. తలుపు తట్టి చూసి వెళ్లినవాడి సంగతి తెలియకపోతే ఎలా? అలాగని ఆపినవాళ్లనే రాసి ఊరుకోకూడదు. దొంగ దొరలా లోపలికొచ్చేది మనం అనుమతించిన దారిలోనే.

రాసిన రిజిస్టరును ఆ గేటు దగ్గరే వదిలేయొద్దు. చిన్న ఫైర్‌వాల్‌లలో కరెంటు పోతే లాగ్ పోతుంది, చోటు నిండితే పాతది చెరిగిపోతుంది. పైగా చొరబడినవాడు ముందు చింపేది ఆ పేజీనే. కాబట్టి సిస్‌లాగ్ సర్వర్ అనే వేరే కంప్యూటర్‌కు ఎప్పటికప్పుడు పంపించేలా పెట్టుకోవాలి. దాని పాస్‌వర్డ్ కూడా వేరుగా ఉండాలి.

ఇక గడియారం. ఇది చిన్న విషయం అనిపిస్తుందిగానీ, నిర్దోషిని ఇరికించేది ఇదే. ముప్ఫై కంప్యూటర్లున్న కాలేజీ కూడా బయటి ప్రపంచానికి ఒకే ఐపీ అడ్రస్‌తో కనిపిస్తుంది. అక్కణ్నుంచి ఎవరో బెదిరింపు మెయిల్ పంపారనుకోండి. పోలీసులు ఆ అడ్రస్, ఆ సమయం పట్టుకుని వస్తారు. ముప్ఫైలో ఏ కంప్యూటర్‌దో చెప్పాల్సింది లాగే. బయటి అడ్రస్‌ను, పోర్ట్ నంబరును అప్పుడు లోపల ఏ కంప్యూటర్ వాడుకుందో అందులో ఉండాలి. ఫైర్‌వాల్ గడియారం పది నిమిషాలు వెనకుంటే? అసలువాడు తప్పించుకుంటాడు, వేరే విద్యార్థి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సర్వర్ల సమయంతో గడియారాన్ని కలపమని సెర్ట్-ఇన్ చెప్పింది అందుకే.

మీరు మేనేజరో, హెడ్‌మాస్టరో, సొసైటీ కార్యదర్శో అయితే ఇవన్నీ నేర్చుకోనక్కర్లేదు. రేపు సోమవారం ఆఫీసుకెళ్లగానే మీ నెట్‌వర్కు చూసే కుర్రాణ్ని పిలిచి ఒక్క ప్రశ్న అడగండి. 'మూడు నెలల కిందట ఫలానా రోజు రాత్రి పదకొండింటికి మన కంప్యూటర్లు బయట ఎవరితో మాట్లాడాయి?' అని. తెర మీద చూపించాడా, నిశ్చింతగా ఉండండి. బుర్ర గోక్కున్నాడా, ఆ రిజిస్టరు ఆ రోజే తెరిపించండి.