స్కూబా డైవింగ్: ఓడ తొందర సముద్రానికి పట్టదు

పాత ఇరవై రూపాయల నోటు వెనుక కొబ్బరి చెట్ల మధ్య నుంచి కనిపించే సముద్ర దృశ్యం అండమాన్‌లోని నార్త్ బేది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు ఇది చాలా దగ్గర. అందుకే ఓడ ఆగిన కొద్ది గంటల్లో స్కూబా డైవింగ్ ముచ్చట తీర్చుకోవాలనుకునేవారు ఎక్కువగా ఇటే వస్తారు. హావ్‌లాక్, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్, వెళ్లి రావాలంటే ఫెర్రీ ప్రయాణానికే మూడు నుంచి ఐదు గంటలు పోతాయి. ఇలా గడియారం చూసుకుంటూ దిగిన పర్యాటకుడు డైవింగ్ సంస్థను సాధారణంగా మూడు ప్రశ్నలే అడుగుతాడు. ధర ఎంత? ఎంతసేపు? వీడియో ఇస్తారా? ప్రాణానికి సంబంధించిన ప్రశ్న వీటిలో ఒక్కటీ లేదు.

‘ఈత రాకపోయినా ఫర్వాలేదు, పది మీటర్ల లోతే కదా’ అనే భరోసా తరచూ వినిపిస్తుంది. అయితే పీడనం అత్యంత వేగంగా మారేది ఆ పది మీటర్లలోనే. సముద్రమట్టం దగ్గర శరీరం మీద ఒక వాతావరణ పీడనం ఉంటుంది. నీటిలో దాదాపు ప్రతి 10 మీటర్లకు మరొకటి చేరుతుంది. కాబట్టి 10 మీటర్లు దిగేసరికి పీడనం రెట్టింపవుతుంది. 20 నుంచి 30 మీటర్లకు వెళ్లినప్పుడు పెరిగేది మూడో వంతు మాత్రమే.

పీడనం తగ్గితే వాయువు వ్యాకోచిస్తుందని బాయిల్ సూత్రం చెబుతుంది. పది మీటర్ల లోతులో నిండుగా పీల్చిన గాలి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే రెట్టింపు చోటు కోరుతుంది. ఊపిరితిత్తులు అంత సాగలేవు. నిండు ఊపిరితో ఒక మీటరుకు కాస్త పైగా లేచినా అవి దెబ్బతినవచ్చు. కంగారుపడిన మనిషి మాత్రం ఊపిరి బిగబట్టి పైకి తన్నుకొస్తాడు. ఆపకుండా శ్వాసించడం, చెవుల్లో పీడనం సరిచేసుకోవడం, సైగలు చేయడం ముందుగా నడుములోతు నీటిలో సాధన చేయాల్సిందే. ‘ఐదు నిమిషాల్లో దింపేస్తాం’ అనే సంస్థను పక్కన పెట్టడానికి ఆ ఒక్క మాట చాలు.

రెండో పరీక్ష ఆరోగ్య ప్రశ్నాపత్రం. ఉబ్బసం, గుండె జబ్బు, గర్భం, మూర్ఛ, చివరికి జలుబు గురించి కూడా అడగాలి. జలుబుతో ముక్కు మూసుకుపోతే చెవిలో పీడనం సమం కాదు, కర్ణభేరి చిరగవచ్చు. ఇక్కడే డబ్బు అడ్డు పడుతుంది. కట్టిన సొమ్ము తిరిగి రాదని తెలిస్తే పర్యాటకుడు జలుబును దాచిపెడతాడు. ఆరోగ్య కారణంతో ఆగిపోతే డబ్బు వెనక్కి ఇస్తారా అని ముందే అడగడం పిసినారితనం కాదు, భద్రతకు సంబంధించిన ప్రశ్న.

మూడోది సిలిండర్‌లోని గాలి. కంప్రెసర్ గాలి పీల్చుకునే గొట్టం డీజిల్ ఇంజిన్ పొగకు దగ్గరగా ఉంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి వాసన ఉండదు. లోతుకు వెళ్లేకొద్దీ దాని పాక్షిక పీడనమూ పెరుగుతుంది. గాలిని చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారో సంస్థ చెప్పగలగాలి. ఒక శిక్షకుడికి ఎంతమంది, పడవలో ఆక్సిజన్ ఉందా, పీడన చికిత్స గది ఉన్న ఆసుపత్రికి ఎలా చేరుస్తారు అన్నవీ అడగాలి.

ఓడ నిర్వాహకుల ద్వారా బుక్ చేసుకుంటే ఇవన్నీ అక్కర్లేదనుకోవడం పొరపాటు. ఆ టికెట్‌తో ఓడ తప్పిపోతుందన్న భయం తగ్గవచ్చు గానీ, శిక్షకుడి అర్హత గురించి అది ఏమీ చెప్పదు. ఓడ దిగి విమానంలో ఇంటికెళ్లేవారికి మరో లెక్క ఉంది. విమానం లోపలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సుమారు నాలుగింట మూడు వంతులకు తగ్గవచ్చు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ అప్పుడు బుడగలుగా మారే ప్రమాదం ఉంది. అందుకే ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఆగాలని డైవింగ్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇలా దిగినవారిలో చాలామంది క్షేమంగానే తిరిగొస్తారు. అంతమాత్రాన వారు ఎంచుకున్న సంస్థ మంచిదని తేలిపోదు. శిక్షకుల అర్హతలు, గాలి పరీక్ష తేదీ, డబ్బు వాపసు నిబంధన... ఈ మూడింటినీ స్థానిక భాషల్లో బోర్డు మీద రాసి ఉంచడం తప్పనిసరి చేయాలి. దానికయ్యే ఖర్చు స్వల్పం. 2023లో విశాఖపట్నంలోనూ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఓడ ప్రయాణం తెలుగువారికి దగ్గరవుతున్నందున ఈ ప్రశ్నలూ అలవాటు కావాలి. బేరం వదులుకునైనా ‘ఈ రోజు మీరు దిగొద్దు’ అనగలిగే సంస్థే ఎంచుకోదగినది.