పడిలేచిన వీరుడు

ప్రతిభ యొక్కటే విజయమును నిలుపజాలదు. అమెరికా టెన్నిసు క్రీడాకారుడు ఆండ్రీ అగస్సీ 1995లో ప్రపంచమున ప్రథమస్థానము నందెను. మణికట్టు గాయమువలనను, సాధన సడలుటవలనను 1997 నవంబరు నాటికి 141వ స్థానమునకు దిగజారెను. శిక్షకుడు బ్రాడ్ గిల్బర్ట్ అతనిని విడువక, మొదటినుండి ఆరంభింపుమని బోధించెను. వ్యాయామగురువు గిల్ రేయెస్ పర్యవేక్షణలో అతడు కొండ యెక్కుచు పరుగెత్తి దేహమును దృఢపరచుకొనెను. చిన్న పోటీలలో ఆడెను. 1999 ఫ్రెంచి పోటీ తుదియాటలో మెద్వెదెవ్‌తో మొదటి రెండు సెట్లు ఓడియు, తక్కిన మూడింటిని గెలిచెను. ఆ యేడే మరల ప్రథమస్థానము నలంకరించెను.

గురువు మార్గము చూపగలడు గాని శిష్యునికి బదులుగా నడువజాలడు. అంతటి పేరుగలవాడు చిన్న పోటీలకు దిగుటకు జంకకపోవుటయే అగస్సీ మొదటి గెలుపని చెప్పవలెను.