గాలి కూలరా, లిక్విడ్ కూలరా? మన గది కంప్యూటర్ గురించి మా మాట



యువజన సంఘం గదికి గేమింగ్ కంప్యూటర్ కొందామని అనుకున్నాక గ్రూపులో ఎక్కువ మెసేజీలు వచ్చింది ప్రాసెసర్ గురించి కాదు, గ్రాఫిక్స్ కార్డు గురించి కాదు. కూలర్ గురించి. తమ్ముళ్ళు కొందరు లిక్విడ్ కూలర్ పెట్టాల్సిందే అంటున్నారు. అన్నలు కొందరు గాలి కూలర్ చాలు, మిగతాదంతా షో అంటున్నారు. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మేము కొంతమందిమి కూర్చుని దీని గురించి మాట్లాడుకున్నాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: గాలి కూలరే కొనాలి. ఎందుకో కింద రాశాం. పోస్టు పెద్దదే. కానీ ఇంటింటికీ తిరిగి పోగు చేసిన డబ్బు ఇది, ఓపిగ్గా చదవండి.

ముందు వేడి సంగతి. ప్రాసెసర్ తీసుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే బయటకి వస్తుంది. మన లిస్టులో ఉన్న రైజెన్ 5 7600 డబ్బా మీద 65 వాట్లు అని ఉంటుంది, కానీ పని గట్టిగా పడితే 88 వాట్ల దాకా వెళ్తుంది. ఇంటెల్ ఐ5 12400 కూడా 65 వాట్లదే, టర్బోలో 117 వాట్ల దాకా పోతుంది. పాత ఫిలమెంట్ బల్బు 100 వాట్లది ముట్టుకుంటే చెయ్యి కాలేది గుర్తుందా? సుమారు అంత వేడి వేలిగోరంత చిప్పులోంచి వస్తుంది. దాన్ని బయటకి లాగకపోతే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఇంకా వేడెక్కితే మెషిన్ ఆగిపోతుంది. రైజెన్ 5 7600 కి ఆ హద్దు 95 డిగ్రీలు, ఐ5 12400 కి 100 డిగ్రీలు.

ఈ వేడి లాగడానికి రెండు దారులు. బండ్లతో చెప్తే మన అందరికీ అర్థమవుతుంది. స్ప్లెండర్ ఇంజన్ చుట్టూ రేకుల్లాంటి ఫిన్లు ఉంటాయి కదా, గాలి తగిలి చల్లారుతుంది. అది ఎయిర్ కూలింగ్. పల్సర్ ఎన్ఎస్ 200 కి, ఆర్15 కి ముందు రేడియేటర్ ఉంటుంది, కూలెంట్ తిరుగుతుంది. అది లిక్విడ్ కూలింగ్. కంప్యూటర్‌లోనూ ఇంతే. గాలి కూలర్ అంటే రాగి గొట్టాలు, అల్యూమినియం ఫిన్లు, ఒక ఫ్యాను. లిక్విడ్ కూలర్ అంటే ప్రాసెసర్ మీద కూర్చునే రాగి పలక, చిన్న పంపు, రెండు ట్యూబులు, రేడియేటర్, దాని మీద ఫ్యాన్లు. రేడియేటర్ సైజును బట్టి 120, 240, 360 అని పిలుస్తారు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. గాలి కూలర్‌లో కూడా ద్రవం ఉంటుంది! ఆ రాగి గొట్టాలు ఉత్త కడ్డీలు కావు. లోపల గాలి తీసేసి కొద్దిగా నీళ్ళు పెట్టి మూసేస్తారు. ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ నీళ్ళు తక్కువ వేడికే ఆవిరవుతాయి. ఆవిరి పైకి, చల్లగా ఉన్న వైపుకి పోయి ఫిన్ల దగ్గర వేడి వదిలేసి మళ్ళీ నీరవుతుంది. గొట్టం లోపలి గోడకున్న సన్నటి పొర ఆ నీటిని, దీపంలో వత్తి నూనె పీల్చినట్టు, వెనక్కి లాగుతుంది. పంపు లేదు, కరెంటు అక్కర్లేదు, అరిగేది ఏమీ లేదు. అందుకే గాలి కూలర్ అంటే పాతకాలం సామాను, లిక్విడ్ అంటే కొత్త టెక్నాలజీ అనుకోవడం సరికాదు.

పోనీ నీళ్ళు గాలి కంటే వేడిని బాగా మోస్తాయి కదా అంటారా? నిజమే. అంతే పరిమాణం గాలితో పోలిస్తే నీళ్ళు మూడు వేల రెట్లకు పైనే వేడి పట్టుకుంటాయి. కానీ ఆ వేడి చివరికి ఎక్కడికి పోతుంది? రేడియేటర్‌లోంచి గది గాలిలోకే. రెండు కూలర్లూ చివరికి అదే గాలి మీద ఆధారపడతాయి. గది కంటే చల్లగా ప్రాసెసర్‌ని ఏదీ ఉంచలేదు. 25 డిగ్రీల గదిలో 65 డిగ్రీలు చూపించే ప్రాసెసర్, భద్రాచలం, కొత్తగూడెం వైపు మే నెలలో రేకుల గది 42 డిగ్రీలు ఉంటే దాదాపు 82 చూపిస్తుంది. యూట్యూబ్‌లో ఏసీ గదిలో తీసిన టెస్టులు చూసి మన లెక్క వేసుకోకూడదు. లంబసింగి వైపు చలికాలంలో అయితే ఏ కూలరైనా చల్లగానే ఉంటుంది. మన ఎండాకాలానికి లిక్విడ్ కావాలి అన్న తమ్ముడికి మా జవాబు ఇదే: మన 65 వాట్ల ప్రాసెసర్‌కి మంచి గాలి కూలర్‌కీ 240 లిక్విడ్ కూలర్‌కీ తేడా కొద్ది డిగ్రీలే. హద్దుకి లోపలే ఉన్నంతసేపు ఆ కొద్ది డిగ్రీల వల్ల ఆటలో ఫ్రేములు పెరగవు. ఆ గదికి ఎదురుగా ఒక కిటికీ పెడితే వచ్చే లాభం అంతకంటే ఎక్కువ.

ఇంకోటి. ఆట ఆడేటప్పుడు ఎక్కువ వేడి వచ్చేది సాధారణంగా గ్రాఫిక్స్ కార్డు నుంచి. ఆర్టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు, 4060 అయితే 115 వాట్లు. దానికి దాని ఫ్యాన్లు దానికే ఉంటాయి. ప్రాసెసర్ మీద ఎంత ఖరీదైన లిక్విడ్ కూలర్ పెట్టినా ఈ వేడికి ఏమీ చెయ్యదు. దానికి కావాల్సింది క్యాబినెట్‌లో గాలి ఆడటం. ముందు అద్దం బిగించి లోపల రంగు లైట్లు వెలిగే క్యాబినెట్ ఫోటోలు గ్రూపులో పెట్టారు, చూడ్డానికి బాగున్నాయి. కానీ ముందు అద్దం ఉంటే గాలి ఎటునుంచి వస్తుంది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. పాడైతే ఏంటి?

గాలి కూలర్‌లో పాడయ్యేది ఫ్యాను ఒక్కటే. 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఏ టౌన్లో కంప్యూటర్ షాపులోనైనా కొన్ని వందలకి దొరుకుతుంది. క్లిప్పులు తీసి కొత్తది పెట్టుకోవడం పదో క్లాసు పిల్లాడికి కూడా వస్తుంది. ఫ్యాను ఆగిన రోజు కూడా లోహపు దిమ్మ కొంత వేడి లాగుతూనే ఉంటుంది, టైపింగ్ లాంటి చిన్న పనులు మెల్లగా చేసుకోవచ్చు.

లిక్విడ్ కూలర్‌లో ఫ్యాన్లతో పాటు పంపు ఉంది, ట్యూబులు ఉన్నాయి, లోపల ద్రవం ఉంది. పంపు ఆగితే నిమిషాల్లో మెషిన్ ఆగిపోతుంది. ట్యూబుల గోడల్లోంచి ద్రవం ఏళ్ళ మీద కొంచెం కొంచెంగా తగ్గుతుంది. మార్కెట్లో దొరికే చాలా మోడళ్ళలో మళ్ళీ నింపుకునే వీలుండదు. రేడియేటర్‌ని తప్పు చోట బిగించి పంపు అన్నిటికంటే పైన ఉండేలా పెడితే గాలి బుడగలు పంపులో చేరి శబ్దం వస్తుంది, పంపు పాడవుతుంది. కారి బోర్డు మీద పడటం అరుదే, భయపెట్టడానికి చెప్పట్లేదు. చాలా కంపెనీలు 3 నుంచి 6 ఏళ్ళ దాకా వారంటీ కూడా ఇస్తాయి. కానీ వారంటీ అంటే ఏంటి? ఘాట్ రోడ్డు దిగి, బస్సెక్కి, సిటీలో సర్వీస్ సెంటర్‌కి ఇచ్చి, వాళ్ళు పైకి పంపి, అది తిరిగొచ్చేదాకా గదికి తాళం. ఆ లోపల డిగ్రీ అప్లికేషన్ల ఆఖరి తేదీ పోతే ఎవరిది బాధ్యత? మన ఊళ్ళల్లో స్ప్లెండర్లు ఎందుకు అన్ని ఉన్నాయో ఆలోచించండి. వేగంగా పోతుందని కాదు, సంతలో మెకానిక్కి కూడా దాని గురించి తెలుసని.

శబ్దం గురించి కూడా చెప్పాలి. ఈ కంప్యూటర్ ఆటలకే కాదు. పెద్దోళ్ళ దగ్గర పాటలు రికార్డు చేద్దామని, మన భాషల్లో రాతలు టైపు చేద్దామని కూడా కదా అనుకున్నాం. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఇక దాన్ని వాడుకోవడం మన చేతిలో ఉంది. రికార్డింగ్ గదిలో నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాను ఒకటి దాదాపు వినపడదు. లిక్విడ్ కూలర్ పంపు మాత్రం మెషిన్ ఆన్‌లో ఉన్నంతసేపు తిరుగుతూనే ఉంటుంది, కొన్నిటికి సన్నటి కూత వస్తుంది. అమ్మమ్మల గొంతు వెనకాల ఆ కూత మనకొద్దు.

లిక్విడ్ కూలింగ్ వేస్ట్ అని మేము అనట్లేదు. 253 వాట్ల దాకా లాగే ఐ9 14900కె పెట్టి రోజంతా వీడియోలు రెండర్ చేసేవాళ్ళకి 360 రేడియేటర్ న్యాయమే. 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటర్‌లో బోర్డులనే ద్రవంలో ముంచి ఉంచేవారు. ఇప్పుడు ఎన్విడియా వాళ్ళ పెద్ద ఏఐ ర్యాకులు లిక్విడ్ లేకుండా నడవవు, ఒక్కో ర్యాకు లక్ష వాట్లు దాటుతుంది. విశాఖపట్నంలో ఐదేళ్ళల్లో 1500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించిన ఏఐ హబ్ గురించి మీరందరూ విన్నారు. అలాంటి చోట్ల వేడి తియ్యడం పెద్ద పని, దానికి ఎన్ని నీళ్ళు, ఎంత కరెంటు, ఎక్కడివి అని అడగడం మన హక్కు. ఐటీఐలో ఏసీ, రిఫ్రిజిరేషన్ చదివే తమ్ముళ్ళకి ఆ పని నేర్చుకోవడం కూడా అవసరం. కానీ అది వేరే స్థాయి. మన గదిలో ఉన్నది 65 వాట్ల ప్రాసెసర్.

ఇప్పుడు ఒక చెల్లి అడిగిన మాట. "ఎప్పుడూ మనకే ఎందుకన్నా తక్కువది? టౌన్ పిల్లలకి లిక్విడ్, మనకి గాలా?" ఈ మాటకి మా గదిలో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఎందుకంటే ఆ మాటలో నిజం ఉంది. మిగిలిపోయినవి, పాతవి, వేరేవాళ్ళు వద్దన్నవి మన దాకా రావడం మనం చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. "మీకిది చాలు" అని పక్కోడు అంటే ఒప్పుకోవద్దు. ఎప్పటికీ ఒప్పుకోవద్దు.

కానీ చెల్లీ, ఇక్కడ ఎవరూ మనకి చాలు అని విదల్చట్లేదు. లెక్క వేసి మనమే ఎంచుకుంటున్నాం. మనం విప్పి, తుడిచి, మళ్ళీ బిగించుకోగలిగిన వస్తువు మన చేతిలో ఉంటుంది. పాడైతే ఇంకొకళ్ళ కోసం ఎదురుచూడాల్సిన వస్తువు సగం వాళ్ళ చేతిలోనే ఉంటుంది. మనకి గౌరవం తెచ్చేది మెరిసే రేడియేటర్ కాదు. మన ఊరి పిల్లలు పదిమంది ఆ మెషిన్ ఎలా పనిచేస్తుందో చెప్పగలగడం.

ఇక డబ్బు. నాలుగు రాగి గొట్టాలున్న మంచి గాలి కూలర్ రెండు మూడు వేలల్లో వస్తుంది. పేరున్న 240 లిక్విడ్ కూలర్ ఐదారు వేల నుంచి మొదలు, 360 అయితే ఇంకా పైన. ఆ తేడాతో యూపీఎస్ ఖర్చులో చాలా భాగం వస్తుంది. ఈదురుగాలి వస్తే కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో మనకి తెలుసు కదా. మెషిన్ ప్రాణం కాపాడేది అది.

కాబట్టి మా ప్రతిపాదనలు ఇవి:

1. 120 ఫ్యాను, నాలుగు హీట్ పైపులు ఉన్న సింగిల్ టవర్ గాలి కూలర్. ఇవి చాలావరకు 155, 160 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి, క్యాబినెట్‌లో పడుతుందో లేదో ముందే కొలుచుకోవాలి. డబ్బాలో ఉచితంగా వచ్చే చిన్న కూలర్‌ని పారెయ్యకుండా స్పేర్‌గా దాచాలి.

2. క్యాబినెట్ ముందు జాలీ ఉన్నది, దుమ్ము ఫిల్టర్ తీసి కడుక్కునేది. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటకి.

3. బిగించేటప్పుడు కూలర్ అడుగున ఉండే ప్లాస్టిక్ పొర తప్పకుండా పీకెయ్యాలి. థర్మల్ పేస్టు బఠాణీ గింజంత చాలు.

4. టౌన్ నుంచి తెచ్చేటప్పుడు క్యాబినెట్‌ని పడుకోబెట్టి తేవాలి. బరువు కూలర్ బోర్డుని లాగకుండా ఉంటుంది. గాలి కూలర్‌కున్న ఇబ్బంది ఇదే, దాచట్లేదు.

5. ఎండాకాలంలో నెలకోసారి దుమ్ము తియ్యాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కల్ని వేలితో పట్టుకోవాలి. ఈ పని వంతుల వారీగా, ఆడపిల్లలూ మగపిల్లలూ అందరూ చెయ్యాలి.

లిక్విడ్ వైపున్న వాళ్ళు కూడా ఇలాగే లెక్కలతో రాయండి, మేము చదువుతాం. అందరి మాటలూ విన్నాకే ఓటు పెడదాం. డబ్బు ఇచ్చిన పెద్దోళ్ళకి కూడా మన మాటల్లో అర్థమయ్యేలా చెప్పి, వాళ్ళు సరే అన్నాకే కొందాం.

జోహార్.