ఒక్క ప్రయాణము – మూడు టిక్కెట్లు

హైదరాబాదులో యాకుత్‌పురా నుండి హైటెక్ సిటీ ప్రాంతమునకు దినదినము పనికి పోయివచ్చు గుమాస్తా నొకనిని మనస్సునందుంచుకొని ఈ వ్యాసము వ్రాయుచున్నాము. ఆతడు ప్రొద్దున్నే యింటినుండి నడచి ఎం.ఎం.టి.ఎస్. స్టేషను చేరి యొక టిక్కెట్టు కొనును. సికిందరాబాదు మీదుగా ఆ రైలుమార్గమే హైటెక్ సిటీకిని పోవుననుట నిజమే. కాని బండ్లు తఱచుగా లేవు. ఉన్నవియు దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్సులకును గూడ్సులకును దారి యిచ్చి తరువాత తాము కదలవలసినవి. వేళకు కచేరీలో సంతకము పెట్టవలసినవాడు ఆ బండిని నమ్ముకొని కూర్చుండజాలడు. కావున మలక్‌పేటలో దిగి, నడచి, మెట్లెక్కి, మెట్రోలో రెండవ టిక్కెట్టు కొనును. అమీర్‌పేటలో ఒక మార్గము విడిచి మఱియొక మార్గమున కెక్కును. ఇచ్చట మాత్రము క్రొత్త టిక్కెట్టు అక్కఱలేదు, రెండు మార్గములకును యజమాని యొక్కడే గనుక. ఈ చిన్న విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. బండి దిగిన పిమ్మట కచేరీ యింకను రెండు కిలోమీటర్ల దూరమున నుండుటచే బస్సెక్కి మూడవ టిక్కెట్టు కొనును. బస్సు దొరకనినాడు ఆటోవాని నాశ్రయించును. ఆనాటి ఖర్చు మాట చెప్పనక్కఱలేదు.

ప్రయాణ మొక్కటే. బయలుదేరిన చోటొక్కటే, చేరిన చోటొక్కటే. కాని దారిలో వాహనము మారిన ప్రతిసారియు ఛార్జీ మొదటినుండి మొదలగును. ఏ వాహనమునందైనను తొలి కొద్ది కిలోమీటర్లకే ఖరీదెక్కువ. దూరము పోనుపోను కిలోమీటరుకు పడు ఖర్చు తగ్గును. ఆ లాభము నడుమ దిగి మారువానికి దక్కుటలేదు. 2025 మే నెలలో మెట్రో ఛార్జీలను పెంచి, ప్రజలు గోలపెట్టగా కొంత తగ్గించి, కనిష్ఠము 11 రూపాయలుగాను గరిష్ఠము 69 రూపాయలుగాను నిర్ణయించిరి. స్టేషను ప్రక్కనే యిల్లు, స్టేషను ప్రక్కనే ఉద్యోగము గలవాడు ఆ యొక్క ఛార్జీతో బయటపడును. అట్టి చోట్ల ఇంటి అద్దె యెంతయో మా పాఠకులెఱుగుదురు. ఆ యద్దె నిచ్చుకొనలేక దూరమున కాపురముండువాడే రెండేసి మూడేసి వాహనములు మారవలసినవాడు. వానినే మూడుమార్లు ఛార్జీ అడుగుచున్నాము. ఇది పేదవానిపై వేసిన పన్ను గాక మఱేమి? ఏ శాసనసభయు దీనిని విధింపలేదు. ఏ గెజెట్టునందును ఇది ప్రకటింపబడలేదు. అయినను ప్రతి ఉదయమును వసూలగుచునే యున్నది.

ఈ దుస్థితి మన నగరమునకు పుట్టుకతో వచ్చినది కాదు. 1932వ సంవత్సరమున నిజాం స్టేట్ రైల్వేలో రోడ్డు రవాణా శాఖ యనునొకటి యేర్పడి, 27 బస్సులతోను 166 మంది ఉద్యోగులతోను పని నారంభించినది. ఆనాడు రైలును బస్సును ఒకే కచేరీ క్రింద నుండెను. నిజాము ఏలుబడిని పొగడుట మా యుద్దేశము కాదు. ఆ ఏలుబడియందు ప్రజలు పడిన బాధలు మేమెఱుగనివి కావు. అయినను బస్సు రైలునకు శత్రువు కాదు, రైలు చేరలేని చోటికి చాచిన చేయి యను భావము ఆ యేర్పాటులోనే యిమిడియుండెను.

1950లో రైల్వేలు కేంద్రప్రభుత్వపు వశమైనవి. 1951 నవంబరు 1న రోడ్డు రవాణా శాఖ రైల్వేనుండి విడివడి హైదరాబాదు రాష్ట్రప్రభుత్వపు శాఖ యైనది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ పుట్టినది. 2014లో రాష్ట్రము విడిపోయిన పిదప తెలంగాణమునకు వేఱు సంస్థ వచ్చినది. వీనిలో నొక్క మార్పునకును మేము తప్పు పట్టుటలేదు. స్వతంత్రదేశమున రైల్వేలన్నియు నొక్కటి కావలసినవే. కాని అన్నదమ్ములు భాగములు పంచుకొనునప్పుడు ఉమ్మడి బావికి పోవు దారిని పంపకపు కాగితములో తప్పక వ్రాసికొందురు. ఈ పంపకమున ఆ దారిని వ్రాసినవారు లేకపోయిరి.

తరువాత వచ్చినవి గోడను మఱికొంత ఎత్తుచేసినవి. 2003 ఆగస్టు 9న ఎం.ఎం.టి.ఎస్. బండ్లు ప్రారంభమైనవి, అవి రైల్వేవారివి. 2017 నవంబరులో మియాపూరు–నాగోలు నడుమ మెట్రో మొదలై, 2020 ఫిబ్రవరి నాటికి సుమారు 69 కిలోమీటర్లు పూర్తియైనది. అది ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొన్న కంపెనీ నిర్మించినది. బేగంపేట, భరత్‌నగర్, ఖైరతాబాదు, నాంపల్లి, మలక్‌పేట, సికిందరాబాదు – ఇన్నిచోట్ల రైలు స్టేషనును మెట్రో స్టేషనును నడకదూరమున నున్నవి. ఏ నగరమునకైనను ఇది భాగ్యమే. కాని ఒకదాని టిక్కెట్టు మఱొకదానియందు పరాయిదేశపు నాణెమువలె చెల్లకున్నది.

ఇక పాతబస్తీ మాట. తొలి ప్రణాళిక ప్రకారము ఫలక్‌నుమా వఱకు పోవలసిన మెట్రోమార్గము ఇమ్లీబన్ బస్‌స్టేషను వద్దనే ఆగి, సుమారు అయిదున్నర కిలోమీటర్లు నిలిచిపోయినది. దారి పడనందున అచ్చటివారు మెట్రోను చేరుటకు బస్సే ఆధారము. ముందుగా మెట్రో నివ్వలేదు. బస్సెక్కి మెట్రో వద్దకు వచ్చినచో ఆ బస్సు ఖర్చును లెక్కకు తీసికొనలేదు. ఒక్క నష్టమును రెండుమార్లు భరింపుమనుట న్యాయమా?

2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీవారి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడువారికి ఉచితప్రయాణము కల్పింపబడినది. మంచిపని. అయితే దాని ఫలమునకును ఈ గోడయే అడ్డు. నాలుగిండ్లలో పనిచేసికొను తల్లి యొకతె నడుమ కొంతదూరము మెట్రోలో పోగలిగినచో అరగంట కలిసివచ్చును. కాని మెట్రో ద్వారమున ఆ హక్కు ఆగిపోవును. కనుక ఆమె క్రిక్కిఱిసిన బస్సులలోనే మారుచు పోవును. మగవారికి చోటు లేదని బస్సులో తగవులాడు పెద్దమనుష్యులు ఆ తల్లిని నిందించుటకు ముందు ఈ సంగతి కొంచెము ఆలోచింతురు గాక.

దీనికి చట్టము లేదా? ఉన్నది. పది లక్షలు మించిన నగరములకు రవాణా నంతటిని కలిపి చూచు ప్రాధికార సంస్థ యుండవలెనని 2006లో కేంద్రప్రభుత్వపు నగర రవాణా విధానము సలహా యిచ్చినది. 2008 నాటి హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ చట్టమునందే యట్టి సంస్థకు చోటు కల్పింపబడినది. 2017 నాటి మెట్రో విధానము దానిని మఱింత గట్టిగా చెప్పినది. ఏండ్లు గడచినవి, మూడింటికిని చెల్లు టిక్కెట్టొక్కటి మన చేతికి రాలేదు. కోర్టు మెట్లెక్కినవారెవరైనను డిక్రీ వేఱు, దాని అమలు వేఱు అని యెఱుగుదురు. దావా గెలిచిన కాగితము పెట్టెలో నుండును. పొలమును ప్రతివాదియే దున్నుచుండును. ఛార్జీలు నిర్ణయించుటకును, వేళలు కుదుర్చుటకును, వచ్చిన సొమ్ము పంచుటకును తిరుగులేని యధికారము లేనిచో, అధికారులు నెలకొకసారి కూడి తీర్మానములు వ్రాసికొనుటకు వేఱొక సంఘమేల?

సొమ్ము పంచుకొనుటలోనే చిక్కున్నదని మమ్ము కలిసిన ఉద్యోగులు కొందఱనిరి. చిక్కు నిజమే, క్రొత్తది మాత్రము కాదు. 1933 జులై 1న లండను నగరమున బస్సులు, ట్రాములు, భూగర్భరైళ్లు నడుపు కంపెనీలను ఒకే బోర్డు క్రిందికి తెచ్చిరి. ఆ బిల్లును తయారుచేసినది లేబరు మంత్రి హెర్బర్టు మారిసను. ఆయన ప్రభుత్వము పోయినను తరువాతి ప్రభుత్వము కొన్ని మార్పులతో దానినే శాసనము చేసినది. పెద్ద రైల్వే కంపెనీలు నాలుగును బోర్డులో చేరలేదు. అయినను వాని శివారుబండ్ల రాబడిని బోర్డు రాబడితో కలిపి యొక నిధిలో వేసి పంచుకొనిరి. మన ఎం.ఎం.టి.ఎస్. విషయమున కావలసినదియు నదే. రైల్వేను ఎవరును లాగికొననక్కఱలేదు. లెక్కలు కలుపుకొన్న చాలును. 1965లో జర్మనీదేశపు హాంబుర్గు నగరమున యాజమాన్యములను వేఱువేఱుగనే యుంచి టిక్కెట్టును వేళలను ఒక్కటిచేసిరి.

సీమ దృష్టాంతములు మనకు వలదనువారు చెన్నపురిని చూడవచ్చును. అచ్చటి రవాణా ప్రాధికార చట్టము 2010 నాటిది, అనగా మనదానికంటె రెండేండ్లు చిన్నది. 2025 సెప్టెంబరులో బస్సుకును మెట్రోకును శివారురైలునకును ఒక్క టిక్కెట్టుతో పోవు సదుపాయమును అచ్చటివారు సెల్‌ఫోనునందు ఏర్పఱచిరి. అచ్చటను రైలు కేంద్రముదే, బస్సు రాష్ట్రముదే. చెన్నపురిలో తీరిన చిక్కు మూసీ యొడ్డున తీరకపోవుటకు కారణము మాకు కానరాకున్నది.

అదే సెప్టెంబరులో మెట్రోను కంపెనీనుండి రాష్ట్రప్రభుత్వము తీసికొనుటకు ఇరుపక్షములకును అంగీకారము కుదిరినది. అప్పుల భారము గూర్చియే పత్రికలన్నియు వ్రాసినవి. మేము వేఱొక విషయము జ్ఞప్తికి తెచ్చుచున్నాము. కంపెనీ తన రాబడిని విడువదని యింతకాలము చెప్పిన మాట ఇక చెల్లదు. బస్సును మెట్రోను ఒకే ప్రభుత్వపు చేతిలోనికి వచ్చినప్పుడు, ఆ రెండింటి నడుమ టిక్కెట్టును కలుపుటకు ఢిల్లీ అనుమతి యక్కఱలేదు. ముందు ఆ రెండింటిని కలిపి, అటుపిమ్మట రైల్వేవారిని పిలువవచ్చును. అమీర్‌పేటలో మార్గము మారువానికి నేడు కలుగుచున్న సౌకర్యమే మలక్‌పేటలో మారువానికిని కలుగవలెనని మా కోరిక. ఇంతకు మించి మేమడుగుట లేదు.

ఈ విషయమై ప్రభుత్వమునకు పంపుటకు విజ్ఞప్తి యొకటి సిద్ధపఱచుచున్నాము. వాదమునకు సాక్ష్యము కావలెను. కావున పఠనమందిరములలో ఈ పత్రికను చదువు సోదరులును సోదరీమణులును ఒక్క వారము తాము కొన్న టిక్కెట్లన్నిటిని పాఱవేయక దారముతో కట్టి, బయలుదేరిన చోటును చేరిన చోటును పట్టిన కాలమును ఒక చీటిపై వ్రాసి, పఠనమందిరపు గుమాస్తా చేతికీయవలెనని ప్రార్థించుచున్నాము. సెల్‌ఫోనులో టిక్కెట్టు కొన్నవారు మొత్తమును వ్రాసిన చాలును. ఉచితముగా ప్రయాణించు తల్లులు ఎక్కడెక్కడ బస్సు మారిరో, ఎంతసేపు నిలుచుండిరో వ్రాయింపవలెను. పేరు వ్రాయనక్కఱలేదు, పేట పేరు మాత్రము మఱువవలదు.