తెరమీది ప్రచారము

ఎన్నికల యేట తెరకెక్కు కథలలో బాకా యూదునవి హెచ్చినవి. 2019లో ‘యాత్ర’ యొక వంక, ‘మహానాయకుడు’ వేఱొక వంక. 2024లో ‘యాత్ర 2’, ‘వ్యూహం’ ఒక వంక, ‘రాజధాని ఫైల్స్’ వేఱొక వంక. ఇట్టివి టెలివిజను మూలమున నింటి నడవలోనికే వచ్చుచున్నవి. వీనిని నిలిపివేయవలెనని కొందఱు కోరుచున్నారు. మే మంగీకరింపము. 2014లో తెలంగాణమున కేబులువారు టీవీ9, ఏబీఎన్ ప్రసారముల నాపిరి. 2024లో ఆంధ్రప్రదేశమున టీవీ9, సాక్షి ప్రసారములకును పెక్కుచోట్ల అదే గతి పట్టెను. ప్రేక్షకుడు త్రిప్పవలసిన మీటను పరులు త్రిప్పుట మేము సహింపము.

ప్రచార మున్నంతనే కథ చెడదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారు తీసిన ‘రైతుబిడ్డ’యు ప్రచారమే. సొమ్ము చల్లపల్లి జమీందారుగారిది; అయినను ఆ కథ జమీందారీని విడువలేదు, నిషేధమునకు గుఱియైనది. సొమ్ము పెట్టినవానిని నొప్పించు మాట నేటి యే కథలో నున్నది?

అనకాపల్లివారికి మేము చెప్పవలెనా? హైడ్రోసు వేసిన బెల్లపు దిమ్మ తళతళలాడును. ఎఱిగినవాడు రంగు జూచి బేరమాడడు, ముక్క చిదిపి నోట వేసికొనును. అట్లే యొక భాగము చూడుడు. నాయకుడు ఒక్క తప్పైన జేయక, ప్రతిపక్షి నోట ఒక్క న్యాయమైన మాటయైన లేకున్నచో, అది ప్రతివాదిని పిలువని తీర్పు, కట్టివేయుడు. చూడకయే నిందించువారితో మాత్రము మాకు పొత్తు లేదు.