మూడో తుపాకీ

1972 సెప్టెంబరు 9న మన వి.వి.గిరి గారు రాష్ట్రపతి హోదాలో రెండు చట్టాలకు ఆమోదముద్ర వేశారు. 52వ నంబరు చట్టం పురావస్తువులను కాపాడడానికి. 53వ నంబరు చట్టం అడవి జంతువులను కాపాడడానికి. పక్కపక్క నంబర్లు, ఒకటే తేదీ. ఈ రెండింటి సందులో పడి నలిగిపోయిన వస్తువు ఒకటుంది: పాత వేట తుపాకీ. దాని తరఫున ఎవరూ నోరు విప్పరు. విప్పితే వేటగాళ్ల వకీలు అంటారేమోనని జంకు. నేను మాంసం కూడా ముట్టను. కాబట్టి ఈ వారం ఆ పని నేనే చేస్తాను.

అదే 1972లో ఆస్ట్రియాలోని స్టెయిర్ అనే ఊళ్లో మాన్లిషర్-షోనవర్ రైఫిల్ తయారీ ఆగిపోయింది. 1903లో మొదలుపెట్టి, రెండు ప్రపంచ యుద్ధాల అంతరాయాలను తట్టుకుని, దాదాపు ఏడు దశాబ్దాలు చేశారు దాన్ని. హెమింగ్వే 1936లో రాసిన మకోంబర్ కథలో భార్య చేతిలో పేలేది దీని తోబుట్టువే. ఏనుగుల వేటగాడు బెల్ చేతిలోనూ ఉండేది. మన దేశంలో సంస్థానాధీశులూ, టీ తోటల దొరలూ, కాస్త చెయ్యి తిరిగిన జమీందార్లూ మోజుపడి తెప్పించుకునేవారు.

గోదావరి జిల్లాల్లో నాకొక మిత్రుడున్నాడు. వాళ్ల తాతగారు అలా తెప్పించుకున్న 9.5 మిల్లీమీటర్ల మాన్లిషర్ ఒకటి ఆ ఇంట్లో ఉండేది. దానితోపాటు ఒక పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకీ, ఒక .315 రైఫిల్. మొత్తం మూడు. 2019 డిసెంబరులో ఆయుధాల చట్టాన్ని సవరించి, ఒక మనిషికి రెండే అన్నారు. మొదటి ప్రతిపాదనలో ఒక్కటే ఉండేది, అభ్యంతరాలొస్తే రెండు చేశారు. మిగిలినవి ఏడాదిలోగా పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించాలి. పన్నెండు బోరు పొలం కాపలాకి కావాలి. .315కి తూటాలు మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీవి దొరుకుతాయి. మాన్లిషర్‌కి తూటాలు లేక ముప్పయ్యేళ్లయింది. దాంతో మూడో తుపాకీ అదే అయింది. ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా గొప్పది, దేనికీ పనికిరానిది కూడా అదే మరి.

డీలరు దగ్గర పెట్టిన ఆ తుపాకీని చూసి రావడానికి ఈ వారం ఆయనతో నేనూ వెళ్లాను. వెనక గదిలోంచి తెచ్చి బల్ల మీద పెట్టారు. మెడకి ఇనప తీగతో అట్టముక్క, దాని మీద నంబరు. గొట్టం మీద ఎవరివో వేలిముద్రలు, ఒక్కో గీత లెక్కపెట్టుకునేంత స్పష్టంగా, తుప్పుతో అచ్చుపడి ఉన్నాయి. చెమట చేత్తో పట్టుకుని, తుడవకుండా పెట్టేస్తే అంతే. మిత్రుడు బోల్టు పిడి పైకెత్తి వెనక్కి లాగాడు. ఈ జాతి తుపాకులకు ఆ బోల్టు కదలికే ప్రాణం. వేలితో తోస్తే వెన్న మీద కత్తిలా జారాలి. గరగరలాడింది. ఆయన ఏమీ అనలేదు. డీలరు మాత్రం, “నూనె రాయిస్తానండి, మనిషి దొరకట్లేదు” అన్నాడు.

మనిషి దొరకట్లేదు! అసలు కథ అక్కడుంది.

దాని లోపలి పనితనం చూడండి. మామూలు రైఫిల్లో తూటాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కింద స్ప్రింగు పెడతారు. షోనవర్ మహాశయుడు అలా చేయలేదు. గుండ్రంగా తిరిగే ఇరుసు చెక్కించి, దాని చుట్టూ ఐదు గాడులు పెట్టి, తూటా ఒక్కొక్కటీ దాని గాడిలో పడుకునేట్టు చేశాడు. ఒకటి రెండో దాన్ని ఒరుసుకోదు. పక్కనున్న చిన్న మీట నొక్కితే ఐదూ బిలబిలమంటూ పైకొచ్చి దోసిట్లో పడతాయి. ట్రిగ్గర్లు రెండు. వెనకది నొక్కితే ముందుది సుతారమైపోతుంది, ఇక వేలు సోకితే చాలు. భుజానికి ఆనించే చోట ఇనప రేకుకి బుల్లి తలుపు, అందులో గొట్టం తుడిచే కడ్డీ ముక్కలు. ఇదంతా యంత్రం మీద కోసినా, చివరి పొర మనిషి ఆకురాయితో అరగదీసి సరిచూసుకున్నదే. ఒక తుపాకీ బోల్టు ఇంకోదానికి అంత హాయిగా కూర్చోదు.

మూతపడింది కూడా అందుకే. ఆ ఇరుసు ఒక్క కొలత తూటాకే పనికొస్తుంది. కొలత మారితే మళ్లీ కొత్తగా చెక్కాలి. పైన టెలిస్కోపు బిగిద్దామంటే బోల్టు పిడి వచ్చే దారి అడ్డం. కూలి రేట్లు పెరిగాయి. అమెరికావాళ్లు సగం ధరకు గట్టి తుపాకులిచ్చారు. వాళ్లు మాత్రం సుఖపడ్డారా? విన్‌చెస్టర్ కంపెనీ 1964లో తన మోడల్ 70 రైఫిల్లో ఖర్చు తగ్గించడానికి చేతిపని తగ్గించింది. ఈనాటికీ అక్కడి సేకర్తలు 64కి ముందుదా, తర్వాతిదా అని అడిగాకే జేబులో చెయ్యి పెడతారు.

పాఠకులకు నా పాత పాట తెలుసు, మళ్లీ పాడతాను. మన ఊళ్లలో బాగుచేసేవాడు అనే మనిషి కనుమరుగైపోయాడు. వాల్వు రేడియో బాగుచేసేవాడు లేడు. హార్మోనియం రీడ్లు శ్రుతి చేసేవాడు లేడు. గోడ గడియారానికి లోలకం అతికించేవాడు లేడు. కుట్టుమిషన్ విప్పి బిగించగల ముసలాయన ఉంటే ఆయన కొడుకు సెల్‌ఫోన్ల దుకాణంలో ఉంటాడు. తుపాకీ మేస్త్రీ సంగతి మరీ ఘోరం. ఆయన అరిగిన మరను లేత్ మీద మళ్లీ పోస్తాడు, విరిగిన స్ప్రింగుకి ఉక్కు కాల్చి పదును పెడతాడు, బోసిపోయిన గొట్టానికి నీలి రంగు ఎక్కిస్తాడు. అన్నిటికీ లైసెన్స్ కావాలి, దానికి తనిఖీలు, రిజిస్టర్లు, రెన్యువల్స్. నెలకి ఒక తుపాకీ వస్తే గొప్ప. ఆ పని పిల్లలకి ఎవడు నేర్పుతాడు? ఐటీఐలో ఫిట్టర్ కోర్సు చేసినవాణ్ని పిలిచి పాత తాళం విప్పమంటే సుత్తి అడుగుతున్నాడు. వస్తువు చచ్చిపోవడం కన్నా దాన్ని బతికించే చెయ్యి ముందు చచ్చిపోవడం నన్ను బాధపెడుతుంది. ఇది తుపాకీకే పరిమితం కాదని మీకూ తెలుసు.

సరే, చట్టం దగ్గరికొస్తాను. తుపాకీ అంటే భయం తెల్లవాడు మనకిచ్చి వెళ్లిన ఆస్తి. 1878లో వైస్రాయి లిట్టన్ ఆయుధాల చట్టం తెచ్చినప్పుడు భారతీయుడికి లైసెన్స్ కావాలి, యూరపువాడికి అక్కర్లేదు. తర్వాత సైన్యం వాడే .303 తూటా పౌరుల చేతికి రాకూడదన్నారు తెల్లవాళ్లు. అందుకే ఇక్కడివాళ్ల కోసం .315 వచ్చింది, ఇషాపూర్ ఫ్యాక్టరీ దాన్ని నేటికీ చేస్తోంది. 1907లో .450 కొలతనూ నిషేధిస్తే, లండన్ తుపాకీ వ్యాపారులు ఎంచక్కా .465, .470 అని కొత్త కొలతలు కనిపెట్టి ఇక్కడే అమ్ముకున్నారు. దొరలు వెళ్లిపోయారు. 1959లో మన చట్టం మనం రాసుకున్నాం. 1983లో మూడు మించకూడదన్నాం, 2019లో రెండన్నాం. పోటీల్లో కాల్చే క్రీడాకారులకు మినహాయింపు ఉంది, మంచిదే. వారసత్వంగా వచ్చినదైనా సరే రెండు దాటకూడదని మాత్రం ఆ సవరణలోనే విడిగా రాసిపెట్టారు. తాత జ్ఞాపకానికీ నిన్న కొన్న తుపాకీకీ ఒకే గజం బద్ద.

ఇంతకన్నా చిత్రం ఇంకోటుంది. పాత నమూనా ఆయుధాలకు 1959 చట్టంలోనే, 45వ సెక్షన్‌లో, మినహాయింపు ఉంది. ఎప్పుడంటే, బాగుచేసినా సరే ఇక పేలదు అన్నప్పుడు. అంటే ఆ మాన్లిషర్‌ని కాపాడుకోవాలంటే ముందు దాన్ని ధ్వంసం చెయ్యాలి. పురావస్తువుల చట్టం నూరేళ్లు నిండిన చారిత్రక వస్తువును పురావస్తువుగా గుర్తించి కాపాడమంటుంది. ఆయుధాల చట్టం అదే వస్తువుకు తీగ కట్టి గదిలో పడేయమంటుంది.

అదే మిత్రుడి ఇంటి హాల్లో గోడ మీద చిరుతపులి తల ఉంది. మైసూరులో వాన్ ఇంగెన్ వాళ్లు కూర్చిన పని. దానికి అటవీశాఖ యాజమాన్య పత్రం ఉంది. అమ్మడానికి వీల్లేదు, పెట్టుకోవచ్చు. చంపిన జంతువు గోడెక్కి దర్జాగా ఉంది. చంపిన తుపాకీ ఇంట్లో ఉండకూడదు. పాపం ఎవరిది, శిక్ష ఎవరికి?

పులుల సంగతి ఎత్తుతారని తెలుసు. 1972 లెక్కలో దేశంలో 1,827 పులులు. 2022 అంచనాలో 3,682. మన విజయనగరం మహారాజకుమార్, అదే క్రికెట్ విజ్జీ, మూడు వందలకు పైగా పులుల్ని కొట్టారని చెప్పుకుంటారు. అలాంటి వేటని ఎవరూ వెనకేసుకు రారు, నేను అసలే రాను. కానీ ఈ యాభై ఏళ్లలో పులుల్ని తెచ్చింది అడవి కాపలా, ఊళ్లు తరలించి ఇచ్చిన చోటు. ఇవాళ నల్లమలలోనో ఆదిలాబాద్ వైపో జంతువు చచ్చిందంటే కారణం ఉచ్చు, విషం, పొలం గట్టున కరెంటు తీగ. కాదంటే నాటు తుపాకీ. తూటాలే దొరకని వందేళ్ల ఆస్ట్రియా రైఫిల్‌తో ఎవడూ అడవికి వెళ్లడు.

ఇంతకీ మన ప్రభుత్వాలకి తుపాకీ అంటే నిజంగా భయమా? అయితే ఆ గన్‌మెన్ గోల ఏమిటి? ఓడిపోయిన నాయకుడికీ గన్‌మెన్, గెలవబోతానన్నవాడికీ గన్‌మెన్. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాడికి అడ్డంగా నిలబడి స్టెన్‌గన్నో కార్బైనో భుజాన వేసుకుని పులిహోర తినే పోలీసును మీరూ చూసే ఉంటారు. ప్రాణభయం ఎంతమందికుందో పైవాడికి తెలియాలి, పక్కన ఇద్దరు లేకపోతే పరువు పోతుందన్న భయం మాత్రం అందరికీ ఉంది. భద్రత తగ్గిస్తే కోర్టుకెళ్తారు. ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చేవాళ్ల కోసం అదే 2019 సవరణలో రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని రాశారు. వీడియోల్లో ముఖాలు కనిపిస్తూనే ఉంటాయి. అదృష్టవంతులు, వాళ్ల తుపాకీ మీద తుప్పు పడదు. ప్రజల సొమ్ముతో ఆడంబరానికి తిప్పే తుపాకులు ముందు లెక్కపెట్టండి, తాతల తుపాకులు తర్వాత లెక్కపెడుదురుగాని.

డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు చెప్పాడు: అక్కడ యాభై ఏళ్లు దాటిన తుపాకుల సేకర్తలకు వేరే లైసెన్స్ ఉందట, మూడేళ్లకు 30 డాలర్లు. అమెరికా తుపాకీ చట్టాలు మనకొద్దు, వాళ్ల బడుల్లో ఏం జరుగుతోందో చూస్తూనే ఉన్నాం. కానీ పాతదాన్ని పాతదిగా గుర్తించే ఆ ఒక్క గది మన చట్టంలోనూ కట్టుకోవచ్చు. దారి ఆ తుపాకీలోనే ఉంది. బోల్టు తీసేస్తే ఈ జాతి రైఫిల్ చేతికర్రతో సమానం. బోల్టు పోలీస్ స్టేషన్ బీరువాలో ఉంచండి, నంబరు రాసుకుని రసీదివ్వండి. మిగతా తుపాకీ ఇంటివాళ్ల దగ్గర ఉండనివ్వండి. ఏడాదికోసారి వచ్చి చూసుకోండి. రెండు అన్న లెక్కలోంచి దాన్ని తప్పించండి. ఇవ్వలేమంటే ప్రతి జిల్లా మ్యూజియంలో వాటికి ఒక అద్దాల బీరువా పెట్టించండి, కిందన ఎవరు చేశారో, ఏ ఏడాదో, ఎలా పనిచేస్తుందో తెలుగులో రాయించండి. “పురాతన తుపాకీ” అన్న రెండు ముక్కలతో సరిపెట్టవద్దు.

అందాకా ఇలాంటివి ఇంట్లో ఉన్నవారికి నాలుగు మాటలు. లైసెన్స్ గడువు ఒకసారి చూసుకోండి. తుపాకీ నంబరు, గొట్టం మీద చెక్కిన దుకాణం పేరు, తయారీ ముద్రలు ఫొటో తీసి పెట్టుకోండి. తాతగారి కొనుగోలు చీటీ ఎక్కడైనా ఉంటే పారేయకండి. తోలు సంచిలో మాత్రం దాచొద్దు, తోలు చెమ్మ పట్టి ఇనుమును తినేస్తుంది. ముట్టుకున్న ప్రతిసారీ నూనె గుడ్డతో తుడవండి. అప్పగించక తప్పకపోతే రసీదు తీసుకోండి. ఆరు నెలలకోసారి వెళ్లి, బయటికి తెప్పించి మీ కళ్లతో చూసి రండి.